నా పేరుతో వెళ్ళిన పిల్ల

బట్టాంబాంగ్ ఊరి చివర, సాంకే నది ఒడ్డున, స్తంభాల మీద నిలబెట్టిన చెక్క ఇల్లు. రేపు ప్చుమ్ బెన్ ఆఖరి రోజు, పోయినవాళ్ళకి అన్నం పెట్టే పండగ. మధ్యాహ్నం, వాన. నిమోల్, ఆమె కూతురు రస్మెయ్ అరిటాకుల్లో జిగురుబియ్యం, పెసరపప్పు, పంది మాంసం పెట్టి పొట్లాలు కడుతున్నారు.

"ఆ ముక్క తీసెయ్."

"ఏ ముక్కమ్మా?"

"ఇప్పుడు చదివావు చూడు, ఆఖర్న. 'మా అక్క నా కోసం ప్రాణమిచ్చింది' అని. అది కొట్టెయ్."

"అది కొట్టేస్తే ఆ అధ్యాయంలో ఇంకేం మిగులుతుంది?"

"ఏం మిగలకపోతే అధ్యాయమే తీసెయ్. పుస్తకం సన్నబడుతుంది, మొయ్యడానికి తేలిగ్గా ఉంటుంది. ఆ పప్పు ఇటు జరుపు."

"నీకు నవ్వులాటగా ఉందా? ఏడాదిగా అడిగీ అడిగీ నా నోరు పడిపోయింది. నామ్ పెన్ నుంచి అందర్నీ తరిమింది చెప్పావు. తాతయ్య సైక్లో రిక్షా తొక్కేవాడినని అబద్ధం చెబితే, అరచేతులు మెత్తగా ఉన్నాయని పట్టుకుపోయింది చెప్పావు. ఎలుకల్ని కాల్చుకు తిన్నది చెప్పావు. థావ్రీ పెద్దమ్మ దగ్గరికొచ్చేసరికి నీకు మోకాళ్ళ నొప్పి వస్తుంది, లేకపోతే పొయ్యి మీద ఏదో మాడిపోతుంది."

"మోకాళ్ళు నిజంగానే నొప్పి."

"అమ్మా."

"ఎనిమిదేళ్ళ వయసునుంచి మట్టి తట్టలు మోసిన మోకాళ్ళు. నొప్పెట్టవా మరి."

"చూశావా, మళ్ళీ మోకాళ్ళ దగ్గరికే వెళ్ళావు. నువ్వు చెప్పిందే కదా నేను రాసింది. తన గంజి నీ గిన్నెలో పోసేదన్నావు. నీ వంతు మట్టి తనే మోసేదన్నావు. ఆ తర్వాత పోయిందన్నావు. మూడూ కలిపి రాశాను."

"కలపమని నేను చెప్పలేదు. గంజి పోసేది, నిజమే. చెవి మెలిపెట్టేది, అదీ నిజమే. నేను బట్టల్లో దాచుకున్న పీత కాలు దొంగిలించి తినేసి, నిద్రలో నువ్వే తిన్నావంది. అది రాశావా?"

"అది నువ్వు చెప్పలేదుగా."

"ఇప్పుడు చెప్పాను, రాసుకో. పోయినవాళ్ళందర్నీ దేవతల్ని చేసి కూచోబెడితే, వాళ్ళు మన వాళ్ళెలా అవుతారే. ఆకు అలా కాదు, మెరిసే వైపు లోపలికి రావాలి."

"పెద్దమ్మ నీ చెవి ఎందుకు మెలిపెట్టేది?"

"పదకొండేళ్ళ పిల్లని పట్టుకుని పెద్దమ్మ అంటావేంటే. విన్నప్పుడల్లా నవ్వొస్తుంది."

"వరసకి పెద్దమ్మే కదా."

"వరసకి. బతికుంటే వరస. నీ క్లాసులో ముందు బెంచీ మీద కూచునే పిల్లలంత ఉండేది. నువ్వు కనపడితే లేచి నిలబడి దణ్ణం పెట్టేది నీకు."

"చెవి సంగతి చెప్పు."

"అక్షరాలు తప్పు చదివితే మెలిపెట్టేది. కాలవ గట్టు మీద, ఎవరూ చూడకుండా, బురదలో వేలితో ఒక అక్షరం రాసేది. నేను చదవాలి. చదవగానే కాలితో చెరిపేసేది. చదువొచ్చినవాళ్ళని బతకనిచ్చే రోజులు కావుగా. అలాంటిది చెల్లెలికి చదువు చెప్పాలని దానికి. తప్పు చదివానా, అయిపోయింది నా చెవి."

"ఇది ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు ప్రాణాలివ్వడం గురించే అడుగుతావు. చెవుల గురించి ఎప్పుడడిగావు?"

"ఇంకేం చేసేది?"

"పడుకునేముందు వంట చేసేది."

"వంటా?"

"నోటితో. 'ఇవాళ చేపల కూర చేస్తున్నా, కొబ్బరిపాలు పోశా, నిమ్మగడ్డి దంచి వేశా, నువ్వు ఉప్పు చూడు' అనేది. నేను నాలిక చప్పరించి ఎక్కువైందనేదాన్ని. 'నీకెప్పుడూ ఎక్కువే, అమ్మనడుగుదాం' అనేది. అమ్మ ఎక్కడో ఆడవాళ్ళ దళంలో, నాట్లు వేసే చోట. మమ్మల్ని పిల్లల దళంలో పడేశారు. అయినా అక్క గిన్నె పట్టుకెళ్ళి అమ్మకి రుచి చూపించి వచ్చేది. గాల్లోనే. 'సరిపోయిందంట' అనేది."

"చూడ్డానికి ఎలా ఉండేది?"

"ఎలా ఉంటుంది, నాలాగే. ఎముకలు. ఆకలికి ఎదగం కదా, ఎనిమిదేళ్ళదీ పదకొండేళ్ళదీ ఒకే ఎత్తు. ఒకే జుట్టు, చెవుల కిందికి కత్తిరించి. ఒకే నల్లబట్టలు. వెనకనుంచి చూస్తే కన్నవాళ్ళు కూడా పోల్చుకోలేరు."

"మొన్న క్లాసులో ఆ రోజుల గురించి చెప్తుంటే ఒక పిల్ల లేచి అడిగిందమ్మా. 'అంత ఆకలేస్తే మామిడికాయలు కోసుకోవచ్చుగా టీచర్' అని. క్లాసంతా నవ్వారు."

"నువ్వేం చెప్పావు?"

"చెట్టు సంస్థది, కాయ సంస్థది, కోస్తే చంపేవాళ్ళని చెప్పాను. సంస్థ అంటే ఎవరు అంది. పోల్‌పాట్ మనుషులు తమని తాము అలా చెప్పుకునేవాళ్ళు, సంస్థ చెప్పింది, సంస్థ పిలిచింది అని, అన్నాను. అప్పుడూ నమ్మలేదు."

"ఆ పిల్లని ఏమీ అనకు. ఒక్కోసారి నేనూ నమ్మను. మార్కెట్లో మామిడికాయలు కుప్పలు పోసి ఉంటాయి చూడు, వాటిముందు నిలబడితే అనుమానమొస్తుంది. నిజంగా అలా జరిగిందా, నేనే కలగన్నానా అని."

"అందుకే పుస్తకం కావాలంటున్నా."

"ఎవరైనా ఉన్నారా పైన? మెట్లు జారుతున్నాయి, చెయ్యివ్వండి."

"ఫాన్ మామ్మ గొంతులా ఉంది. వెళ్ళు, పట్టుకో ఆవిణ్ణి."

"రా మామ్మా. ఇంత వానలో ఎందుకొచ్చావు?"

"పొట్లాలు కట్టే నారలు అయిపోయాయే రస్మీ. మీ అమ్మ దగ్గర ఎప్పుడూ ఉంటాయి కదా అని. ఇదేంటి, ఇవి నువ్వు కట్టినవా? ఇలా కడితే కుండలోనే విప్పుకుని వెళ్ళిపోతాయి, నిన్ను చూడ్డానికొచ్చిన పెళ్ళికొడుకుల్లాగా."

"పెళ్ళి మాటెత్తకుండా నారలు కూడా అడగలేవా మామ్మా?"

"నా వయసుకి ఇంకేం మాటలున్నాయే. నిమోల్, విహారంలో అడుగుతున్నారు నిన్ను. మీ ఇంటి తరఫున పోయినవాళ్ళ పేర్లు ఈసారి ఎవరు చదివిస్తారని. మీ అమ్మ పోయింది, నువ్వు ఈసారి పండగ మొదలైనప్పట్నుంచీ రానే లేదు. రేపటితో అయిపోతుంది పండగ."

"మోకాళ్ళు పిన్నీ."

"నాకు లేవా మోకాళ్ళు? పాకుతూ అయినా రా. ఏడు విహారాలు తిరిగి చూసుకుంటారమ్మా మనవాళ్ళు, ఎక్కడా తమ పేరు వినపడకపోతే ఖాళీ కడుపుతో పోతారు. కాకపోతే నీ పేరు మాత్రం చదివించకు. మీ అమ్మకి ఏటా చెప్పేదాన్ని, బతికున్న పిల్లని పోయినవాళ్ళలో కలపకే, మంచిది కాదు అని. వింటేగా ఆవిడ."

"ఇవిగో పిన్నీ నారలు. చాలా?"

"చాలు, చాలు. వెళ్ళొస్తా. ఈ పిల్ల కట్టినవి ఇంకోసారి బిగించు."

"జాగ్రత్త, కింది మెట్టు ఊగుతోంది."

"తెలుసులే, మీ ఇల్లు నాకు కొత్తా."

"అమ్మా."

"ఊఁ."

"ఆవిడేమంది?"

"నారలు చాలంది."

"నీ పేరు గురించి ఏమంది?"

"ఏదో అంది. ఆవిడకి వయసైపోయింది."

"పోయినవాళ్ళతో కలిపి అమ్మమ్మ నీ పేరు చదివించేదా?"

"ముసలితనంలే. అన్నీ కలిపేసేది చివర్లో."

"ఏటా అంది ఫాన్ మామ్మ. ఏటా. అమ్మమ్మకి మొన్నమొన్నటిదాకా నా స్కూల్లో టీచర్లందరి పేర్లూ గుర్తే. సొంత కూతురు పేరు ఎలా కలిపేస్తుంది?"

"నువ్వు తెల్లారుజామునే లేచి మాతో వచ్చుంటే నీకే తెలిసేది. పండగన్నాళ్ళూ మొద్దునిద్ర. నేనూ అమ్మమ్మా చీకట్లో అన్నం ముద్దలు పట్టుకుని విహారం చుట్టూ…"

"మాట మార్చకమ్మా. నువ్వు పక్కనే ఉండి వినేదానివా?"

"పక్కనే. చేతులు జోడించి కూచునేదాన్ని. భిక్షువు మైకులో చదివేవాడు. తాతయ్య పేరు. మా మామయ్యల పేర్లు. ఆ తర్వాత నిమోల్."

"నీకెలా ఉండేది?"

"మొదటేడు లేచి బయటికి వెళ్ళిపోయాను. తర్వాత అలవాటైంది. నిమోల్ అంటాడు, నేను తలొంచుకుంటాను. అంతే."

"థావ్రీ పేరు కూడా చదివించేదా?"

"లేదు."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ. కుండలో నీళ్ళు పొంగుతున్నాయి చూడు."

"పొంగనీ. చచ్చిపోయిన కూతురి పేరు వదిలేసి బతికున్న కూతురి పేరు చదివించేదా? ఎందుకు?"

"పొయ్యి ఆరిపోతుందే."

"ఆరిపోనీ అమ్మా. చెప్పు."

"ఆ ఫోను ఇలా పెట్టు. రికార్డు చేస్తున్నావా?"

"లేదు."

"చూపించు. సరే. అక్కడే ఉంచు, దాన్ని ముట్టుకోకు. నాకు చలిజ్వరం. చాలామందికి వచ్చింది. పాకలో ఒక మూల జ్వరం పిల్లలందర్నీ పడేశారు. పనికి రానివాళ్ళకి సగం గంజే. అక్క పగలంతా కాలవ తవ్వకానికి వెళ్ళేది, సాయంత్రం వచ్చి నా పక్కన కూచునేది. అప్పుడే మా దళం పాత నాయకురాలిని మార్చారు. కొత్తామె వచ్చింది, నైరుతి జిల్లాలనుంచి. మా ముఖాలు ఆమెకి తెలీవు."

"పాతామె ఏమైంది?"

"ఆమెనీ పిలిచింది సంస్థ. వాళ్ళల్లో వాళ్ళనే పిలిచి చంపుకోవడం మొదలైంది అప్పటికి. ఆ కొత్తామె ఒక సాయంత్రం పాక గుమ్మంలో నిలబడి మెత్తగా మాట్లాడింది. పెద్దవాళ్ళు అలా మెత్తగా మాట్లాడగా విని ఎన్నాళ్ళయిందో. 'కొంతమంది అమ్మలు పిల్లల్ని చూడాలని అడిగారు. సంస్థ ఒప్పుకుంది. ఎడ్లబండి వచ్చింది. పేరు పిలిచినవాళ్ళు లేచి రండి' అంది."

"అమ్మల దగ్గరికా?"

"అమ్మల దగ్గరికి. ఆ మాట ఎలా వినపడిందో నీకు చెప్పలేను. అమ్మ కావాలని ఏడిస్తే గంజి ఆపేసేవాళ్ళు. అలాంటిది వాళ్ళ నోటితోనే అమ్మ అన్న మాట. ఒక్కొక్క పేరే పిలిచింది. లేవలేని పిల్లలు కూడా గోడ పట్టుకుని లేచారు. మధ్యలో నిమోల్ అంది."

"లేచావా నువ్వు?"

"లేద్దామనే. చెయ్యి నేలకి ఆనించాను. అక్క నా నోరు నొక్కింది."

"నోరు నొక్కిందా?"

"ఇలా. గట్టిగా. అరచేతికంతా కాలవ మట్టి వాసన. నా నోరు నొక్కి పట్టుకుని, గుమ్మం వైపు చూసి, 'నేనే నిమోల్‌ని' అంది."

"ఆ కొత్తామె నమ్మిందా?"

"ఆమెకి అందరం ఒకటే. ఎముకలు, నల్లబట్టలు. రా అంది. అక్క వెళ్ళింది."

"అమ్మా, మరి అది ప్రాణమివ్వడం కాదా?"

"ప్రాణం గొడవ ఎవరికి తెలుసే? బండి అమ్మ దగ్గరికి వెళ్తోంది. అమ్మని చూడాలని దానికి మాత్రం ఉండదా? దాన్ని పిలవలేదు. నన్ను పిలిచారు. పీత కాలు లాక్కుంది, నా వంతూ లాక్కుంది. అలా రాయి కావలిస్తే."

"పిలిచినవాళ్ళు ఎవరెవరు?"

"గుర్తులేదు."

"జ్వరం పిల్లలేనా అందరూ?"

"ఆఁ."

"పని చేస్తున్నవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?"

"లేరు."

"అది పెద్దమ్మ గమనించి ఉండదా? కాలవ దగ్గర అన్నీ వినే పిల్ల. చదువొచ్చిన పిల్ల."

"గమనించి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అమ్మని చూడొచ్చు అంటే పెద్దవాళ్ళే కళ్ళు మూసుకుని బళ్ళెక్కారు ఆ రోజుల్లో. నాన్నని తీసుకెళ్ళినప్పుడు, చదువుకోడానికి పంపుతున్నామన్నారు. మీ అమ్మమ్మ నమ్మింది. చలేస్తుందని కండువా ఇచ్చి పంపింది."

"బండి ఎప్పుడొచ్చింది మళ్ళీ?"

"పొద్దున్నే. ఖాళీగా. ఖాళీగా కాదు, బట్టలున్నాయి అందులో."

"ఎవరి బట్టలు?"

"ఎవరివంటావేంటే. వాళ్ళవే. మాకే పంచారు. అక్క చొక్కా నా ముందు వరసలో పిల్లకి వచ్చింది. భుజం దగ్గర అమ్మ వేసిన కుట్టు. ఆ పిల్ల గంజి కోసం నిలబడితే నా కళ్ళముందే ఉండేది ఆ కుట్టు. అది చిరిగిపోయేదాకా చూశాను."

"కొంచెం నీళ్ళు తాగమ్మా."

"వద్దు. బాగానే ఉన్నా. నువ్వు ఆకు పట్టుకో, చెయ్యి ఖాళీగా ఉంటే నాకు చెప్పడం రాదు."

"పట్టుకున్నా. తర్వాత?"

"తర్వాత పనికి పేర్లు పిలిచారు. నిమోల్ పేరు లేదు. ఇంక ఆ పేరుతో ఎవరూ లేరు కదా. థావ్రీ అన్నారు. నేను లేచాను. జ్వరంతోనే. లేవకపోతే థావ్రీ ఎక్కడ అని వెతుకుతారు, వెతికితే నేను దొరుకుతాను. తట్ట నెత్తిన పెట్టుకుని కాలవకి వెళ్ళాను. కళ్ళు తిరిగి పడితే పక్క పిల్లలు ఎవరో లేపి నిలబెట్టారు."

"వాళ్ళకి తెలుసా నువ్వు థావ్రీ కాదని?"

"తెలీదూ? మా వరస మొత్తానికి తెలుసు. చెప్పినవాళ్ళకి ఒక గరిటె గంజి ఎక్కువ పోసేవాళ్ళు. ఎంత పుణ్యం చేసుకున్నానో, ఒక్కరు చెప్పలేదు. ఇది రాయి. వాళ్ళ పేర్లు నాకు గుర్తులేవు, ఎవరు బతికారో తెలీదు. కానీ చెప్పలేదని రాయి."

"రాస్తాను."

"ఆ గరిటె గంజి అంటే ఏంటో నీ క్లాసు పిల్లలకి అర్థమయ్యేలా రాయి."

"రాస్తానమ్మా. అప్పట్నుంచీ నువ్వు థావ్రీవేనా?"

"వియత్నాం సైన్యం వచ్చి సంస్థవాళ్ళు పారిపోయేదాకా. థావ్రీ అంటే పలికేదాన్ని, థావ్రీగా తిట్లు తినేదాన్ని. చివరికి నిద్రలో కూడా ఆ పేరుకే లేచేదాన్ని."

"అమ్మమ్మ ఎలా దొరికింది? 'రోడ్డు మీద కలిశాం' అని ఒక్క ముక్కలో తేల్చేశావు అప్పుడు."

"అంతే మరి, రోడ్డు మీదే. ఐదో నంబరు రోడ్డు. జనం ఎటు పడితే అటు నడుస్తున్నారు, కుండలు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని. కూడలిలో ఒకామె నిలబడి అరుస్తోంది. ఒకసారి ఒక పేరు, ఒకసారి ఇంకో పేరు. గొంతు పోయి ఉంది, కప్ప అరిచినట్టుంది. నిమోల్ అన్నప్పుడు నేను తిరగలేదు. అది నేనేనన్న ధ్యాస లేదు. థావ్రీ అనగానే తిరిగాను."

"అమ్మమ్మ చూసిందా?"

"పరిగెత్తుకొచ్చింది. పెద్దది దొరికిందనుకుంది. దగ్గరికొచ్చి ముఖం చూసింది. చూసి నన్ను గట్టిగా పట్టుకుంది. ఊపిరాడలేదు. పట్టుకునే, నా భుజం మీదుగా వెనక్కి చూసింది. నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమో అని."

"అమ్మా…"

"తప్పు పట్టడం లేదే. నేనైనా చూస్తాను. ఎవరైనా చూస్తారు."

"నువ్వేం చెప్పావు?"

"జరిగింది చెప్పాను. నీ దగ్గరికని బండొచ్చింది, నా పేరు పిలిచారు, అక్క నేనే నిమోల్‌ని అని ఎక్కేసింది, అన్నాను. నీ దగ్గరికి రాలేదా అని అడిగాను. బట్టలు కళ్ళతో చూసినదాన్నే. అయినా అడిగాను."

"అమ్మమ్మేమంది?"

"'నేనెవర్నీ అడగలేదు' అంది. 'పిల్లల్ని చూడాలని నేనెవర్నీ అడగలేదు, నేనెవర్నీ అడగలేదు' అంటూ రోడ్డు పక్కన కూలబడిపోయింది. జనం మమ్మల్ని దాటుకుని పోతున్నారు. అక్కడే చచ్చిపోతుందనుకున్నాను నేను. లెమ్మంటే లేవదు."

"అందుకేనా తర్వాత నీ పేరు చదివించేది?"

"ఒకసారి అడిగేశాను. నా పెళ్ళికి ముందు. బతికున్నదాన్ని నన్నెందుకు చదివిస్తావమ్మా అని. 'అది పోయింది ఆ పేరుతోనే కదే. ఆఖరుసారి పలికింది ఆ పేరుకే. వేరే పేరుతో పిలిస్తే నన్ను కాదేమో అనుకుని గుమ్మంలోనే ఆగిపోతుంది, ఆకలితో' అంది. వాడుకోనీ అనుకున్నాను నా పేరు."

"ఇప్పుడు అమ్మమ్మ లేదు. రేపు నువ్వు వెళ్ళకపోతే ఎవరు పిలుస్తారు పెద్దమ్మని?"

"ఇన్ని రోజులుగా అదే ఆలోచిస్తున్నా. మోకాళ్ళు కావు. వెళ్ళి ఏ పేరు చెప్పను? నా నోటితో నా పేరు చెప్పి నాకే అన్నం పెట్టుకోనా?"

"థావ్రీ అని చెప్పు."

"తేలిగ్గా అనేశావు."

"కష్టమేముంది అందులో? నీకింకా కోపమా ఆవిడ మీద? అందుకేనా ఆ వాక్యం వద్దంటున్నావు? ముప్పై ఏళ్ళు దాటినా నీ వంతు లాక్కుందనే అనుకుంటున్నావా?"

"అమ్మమ్మ ముందు అలాగే అనేదాన్ని."

"ఏమని?"

"'నీ పెద్దకూతురు దొంగపిల్లమ్మా, నిన్ను చూడాలని నా వంతు కొట్టేసింది' అనేదాన్ని. అమ్మమ్మ నవ్వేది. 'దానికి నేనంటే అంత ఇది' అనేది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తినేది. తిండి మానేసి కూచున్నప్పుడల్లా నేను అదే మాటెత్తేదాన్ని."

"అంటే పెద్దమ్మ సంతోషంగా వెళ్ళిందనే అనుకుందా అమ్మమ్మ?"

"చివరిదాకా. మొన్న ఆసుపత్రిలో కూడా అంది. 'నన్ను చూస్తానని నవ్వుకుంటూ వెళ్ళింది పిచ్చిది, కనీసం దారంతా సంతోషంగా ఉంది' అని. అలా అనుకుంటూనే పోయింది."

"అదెలా తెలుసు ఆవిడకి? నవ్వుకుంటూ వెళ్ళిందని?"

"నేను చెప్పాను."

"నిజంగా నవ్వుకుంటూ వెళ్ళిందా?"

"ఆ రోజు రోడ్డు పక్కన కూలబడిపోయిందన్నానే. చాలాసేపటికి ఏడుపు ఆపి, నా రెండు చేతులూ పట్టుకుని ఒకటే అడిగింది. 'బండెక్కేటప్పుడు చెంచా తీసుకెళ్ళిందా?' అని."

"చెంచా ఏంటమ్మా?"

"మనిషికి సొంతంగా ఉండనిచ్చింది అదొక్కటే. గిన్నె నలుగురికీ కలిపి. చెంచా ఎవరిది వాళ్ళదే. అది పోగొట్టుకుంటే నీ వంతు గంజి పక్కవాళ్ళు తాగేసేవాళ్ళు. నడుముకి కట్టుకుని పడుకునేవాళ్ళం. తిండి దొరుకుతుందన్న చోటికి చెంచా లేకుండా ఎవరూ కదిలేవాళ్ళు కాదు. అమ్మ దగ్గరికెళ్తున్నానని నమ్మిన పిల్ల చెంచా వదిలి బండెక్కదు. అది అమ్మమ్మకి తెలుసు. నాకూ తెలుసు."

"నువ్వేం చెప్పావు?"

"తీసుకెళ్ళిందన్నాను. నడుముకి కట్టుకుని నవ్వుకుంటూ వెళ్ళిందన్నాను. అప్పుడు లేచింది అమ్మమ్మ. లేచి, నా చెయ్యి పట్టుకుని నడిచింది."

"అందుకే అమ్మమ్మ చివరిదాకా అలా అనుకుంది."

"రేపు చీకటుండగానే లేపు నన్ను. థావ్రీ అనే చెప్తాను. దాని పేరు దానికి ఇచ్చేస్తాను. నువ్వూ రా, ఒక్కదాన్నే వెళ్ళలేను."

"వస్తాను. అమ్మా, చెంచా తీసుకెళ్ళిందా?"

"లేదే. ఒక చేత్తో నా నోరు నొక్కి, రెండో చేత్తో దాన్ని నా గుప్పిట్లో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మూసి, అప్పుడు లేచింది."